మొదటి గ్లాసులో మంచినీళ్ళు

పానకాలరావుగారికి ఒక చాదస్తం ఉండేది. విస్కీ తయారయ్యేచోట నలభై ఏళ్ళు ముక్కునే నమ్ముకుని బతికిన మనిషి, ఏ సరుకు రుచి చూడాలన్నా వరసలో మొదటి గ్లాసు మంచినీళ్ళతో పెట్టేవారు. దాన్నీ వాసన చూసేవారు. అక్కడితో ఆగినా బాగుండును, చూసి పుస్తకంలో రాసేవారు కూడా. శిష్యురాలు హైమవతి ఒకసారి ఆ పాత పుస్తకాలు తిరగేసి నవ్వు ఆపుకోలేకపోయింది. నీళ్ళకి ఎదురుగా ఒకరోజు "ఇంగువ" అని, ఇంకోరోజు "కొత్త చెప్పులు" అని, మరోరోజు "అల్లుడితో మాటా మాటా" అని ఉంది.

"నీళ్ళకి వాసనేమిటి మాస్టారూ?" అని అడిగింది. ఆయన నవ్వి ఊరుకున్నారు. రెండేళ్ళలో నాలుగుసార్లు అడిగింది, నాలుగుసార్లూ అదే జవాబు. తను మాత్రం ఆ గడిని ఖాళీగా వదిలేసి ముందుకు పోయేది.

ఒక శుక్రవారం, మొదటిసారి, ఆమె ఒక్కదాని సంతకం మీదే వ్యవహారం తేలాల్సి వచ్చింది. మస్తాన్ అనే ముసలాయన పాత పీపాల లోపలంతా చెక్కి, మంటతో కాల్చి, మళ్ళీ పనికొచ్చేలా చేస్తాడు. ఆయన బాగుచేసిన మూడు పీపాల్లో ఏడాదిగా నిలవున్న విస్కీ బాగుంటే మిగతా అరవై పీపాల పనీ ఆయనకే. బాగాలేకపోతే పనిముట్లు మూట కట్టుకుని పోవడమే. ఆ వయసులో ఇంకెవరూ పిలిచి పనివ్వరు. ఫలితం కోసం ఆయన బయట బల్ల మీద కూర్చున్నాడు.

హైమవతి మొదటి పీపా సరుకు చూసింది. పొగ. రెండోది, పొగ. మూడోదీ అంతే. నాలుక మీద వేసుకుని ఉమ్మేసి మళ్ళీ చూసింది, పొగే. ఆమె ప్రాణం ఉసూరుమంది. జాలిపడి సంతకం పెట్టకూడదని తనకి తనే చెప్పుకుని, మూడింటికీ "మాడింది, పనికిరాదు" అని రాసింది.

పానకాలరావుగారు కాగితం చూశారు. "నీళ్ళ గడి ఖాళీగా ఉందేమ్మా," అన్నారు.

విసుగు దిగమింగుకుని ఆమె నీళ్ళ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. నీళ్ళలోనూ పొగ వాసనే.

పొద్దున్న అమ్మ తలంటు పోసి, "మొదటి సంతకం కదే" అని మురిసిపోతూ తడిజుట్టుకి సాంబ్రాణి పట్టింది. సెంటు, పూలు, తలనూనె రెండేళ్ళుగా మానుకున్న పిల్లకి సాంబ్రాణి కూడా ఒక వాసనేనని తట్టలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఇంట్లో ఉన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు? మాస్టారికి మాత్రం గుమ్మంలోనే తెలిసిపోయి ఉంటుంది. హైమవతి సిగ్గుతో చచ్చిపోయింది. కాగితం చింపేసి, బయటికి వెళ్ళి, "తప్పు నాది మస్తాన్‌గారూ, రేపు ఒక్కసారి రండి," అని చెప్పింది.

మర్నాడు సాంబ్రాణి వాసన పోయేలా తల కడుక్కుని వచ్చి, నీళ్ళకి ఎదురుగా "నిన్నటి సిగ్గు" అని రాసింది. తర్వాత పీపాల సంగతి. మొదటి రెండింట్లో బెల్లం పాకం, ఎండు ఖర్జూరం, పొగ జాడే లేదు. మూడోదాంట్లో మాత్రం ఉంది, నిజంగానే ఉంది. ఉన్నది ఉన్నట్టు రాసి, మూడోదాన్ని మళ్ళీ చెక్కాలనీ, అరవై పీపాల పనీ ఆయనకే ఇవ్వొచ్చనీ చేర్చి సంతకం పెట్టింది.

మస్తాన్ విని తలూపాడు. "అవునమ్మా. దాన్ని కాలుస్తుంటే దగ్గు తెర వచ్చింది, మంట కాస్త ఎక్కువసేపు ఉండిపోయింది. మళ్ళీ చెక్కుతాలే," అని పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, అరవై పీపాలూ పేర్చి ఉన్న షెడ్డులోకి నడిచాడు.

కాసేపటికి అక్కణ్ణుంచి సుత్తి చప్పుడు మొదలైంది. హైమవతికి గుండె తేలికపడింది. "మాస్టారూ, ఆ గడిలో రాయడానికి ఏమీ లేని రోజు ఎప్పటికైనా వస్తుందా?" అని అడిగింది.

పానకాలరావుగారు నీళ్ళ గ్లాసు కడిగి బోర్లించారు.

"వచ్చిందనిపించిన రోజున సెలవు పెట్టు," అన్నారు.