అన్న గొంతుతో పలికిన చిలుక

వినండర్రా! ఎర్రకొండల అవతల వింజామరపురాన్ని ఒక రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పొరుగు రాజకుమార్తె పుష్పవల్లిని కరాళకేతుడనే మాంత్రికుడు ఎత్తుకుపోతే, ముగ్గురూ గండభేరుండ పక్షి వీపెక్కి ఏడు సముద్రాలు దాటి వెళ్లారు. ఏడేళ్లు పోరాడారు. తిరిగొచ్చింది మాత్రం పుష్పవల్లీ, చిన్నవాడు చిత్రభానుడూ.

ఊరంతా పూలు చల్లింది. కానీ చిత్రభానుడికి పట్టుపరుపు మీద కునుకు పట్టేది కాదు. వడ్డించేవాడు వెనకనుంచి వస్తే మొలకత్తి లాగేవాడు. వంటింట్లో గిన్నె పడితే స్తంభం చాటుకు దూకేవాడు.

"పెళ్లయితే అదే సర్దుకుంటుందిలే" అని రాజు ముహూర్తం పెట్టించాడు.

పెళ్లికి ముందురోజు పెద్ద వదిన ఇందుమతి, కాబోయే దంపతులిద్దర్నీ భోజనానికి పిలిచింది. చిత్రభానుడు పీట మీద కూర్చున్నాడో లేదో, భుజం మీద ఏదో వాలింది.

"తమ్ముడూ, అన్నం తిన్నావా?"

అచ్చం పెద్దన్న గొంతు!

మరుక్షణం అతని గుప్పిట్లో ఒక చిలుక, మెడ విరిగిపోయి ఉంది. ఆ చెయ్యి తనదేనా అన్నట్టు చూస్తూ ఉండిపోయాడు. వదిన చేతిలోని నెయ్యిగిన్నె ఒలికిపోతోంది. ఆమెకు తెలియనే లేదు.

"అది మీ అన్న పెంచిన చిలుక, మరిదీ" అంది. "ఆయన గొంతు నాకు దాంట్లోనే మిగిలింది."

అతను చిలుకను కింద పెడదామన్నా వేళ్లు విడిపడలేదు. పుష్పవల్లే వచ్చి ఒక్కో వేలూ విప్పింది.

"అక్కా, ఆరోజు నేను చూశాను. మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉండేది. అప్పటికే పెద్దబావగారు పోయారు. ఈయన పట్టుకోగానే ఆ చిలుక పెద్దబావగారి గొంతుతో 'తమ్ముడూ, నేనురా!' అని ఏడ్చింది. ఈయన వదిలేశాడు. ఆ క్షణంలోనే మాంత్రికుడు రెండో బావగారిని నరికేశాడు. మళ్లీ పట్టుకుంటే మళ్లీ అలాగే ఏడ్చింది. ఈసారి వదల్లేదు."

వదిన వచ్చి మరిది ఎదురుగా కూర్చుంది.

"నువ్వొచ్చి మూడు నెలలైంది. నాకొక్క ముక్క చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు వదినా."

"నేనడుగుతున్నాను. చెప్పు."

మూడు రోజులు చెప్పాడు. మధ్యమధ్య వదిన వినలేక లేచి వెళ్లిపోయేది, మళ్లీ వచ్చి కూర్చునేది. క్షమించానని ఆమె అనలేదు. అతనూ అడగలేదు.

ఈలోగా ముహూర్తం దాటిపోయింది. ఇంకో ముహూర్తానికి, మేళతాళాలు లేకుండా పెళ్లి జరిగింది. ఇందుమతి ముందు వరసలోనే కూర్చుని అక్షింతలు వేసింది.

చిత్రభానుడూ పుష్పవల్లీ పిల్లాపాపలతో నలభై ఏళ్లు రాజ్యమేలారు. వాళ్ల ఏలుబడిలో ఒక చట్టం ఉండేది. యుద్ధం నుంచి ఇల్లు చేరినవాణ్ణి మొదటి మూడు రోజులూ ఊరేగించకూడదు, దండలు వెయ్యకూడదు. ఇంటివాళ్లు ఎదురుగా కూర్చుని, వాడు చెప్పేదంతా చివరిదాకా వినాలి.