పది ఆకుల వ్యాసం

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక విశ్వవిద్యాలయం. నవ్వకండి పిల్లలూ, మనకు ఉంటే జంతువులకు ఉండకూడదా? అక్కడ ముళ్లపంది మాస్టారు పాఠాలు చెప్పేవారు. చివరి ఏడాది ప్రతి విద్యార్థీ అడవిలో ఒక చోటు తిరిగి చూసి, దాని మీద వ్యాసం రాయాలి. పది మోదుగాకులకు తగ్గితే పట్టా లేదు.

మాణిక్యం అనే ముంగిసకు వాగు వంతుగా వచ్చింది. వేసవి కదా, వాగులో నీళ్లు సన్నగా పారుతున్నాయి. మిగతాదంతా ఇసుకే. మాణిక్యం ఇవతలి ఒడ్డున కాసేపు తిరిగింది. చూసినదంతా రెండు ఆకుల్లో అయిపోయింది. అవతలికి వెళ్దామంటే ఎండ, పైగా బద్ధకం. ఆకులు నింపడం ఎంత పని అనుకుంది. ముందు అక్షరాలు లావు చేసింది. తర్వాత చెప్పిందే తిప్పి తిప్పి చెప్పింది. అయినా ఒక ఆకు మిగిలింది. దాని మీద, అవతల కూడా ఇసుక గట్టిదే, ఎవరైనా భయం లేకుండా దాటవచ్చు అని రాసేసింది.

మాస్టారు ఆకులు లెక్కపెట్టారు. పది ఉన్నాయి. చదవకుండానే బాగుందన్నారు. ఆయన్నేమనాలో మీరే చెప్పండి.

ఆ వేసవిలోనే అడవి అంటుకుంది. జంతువులన్నీ పొగలో దగ్గుకుంటూ వాగు ఒడ్డుకు చేరాయి. దుప్పుల మందకు పెద్దదిక్కు గౌరమ్మ. ఎటు నుంచి దాటాలని ఆమె మాస్టారిని అడిగింది. ఆయన మంటల్లోంచి మోసుకొచ్చిన వ్యాసం తీసి చదవడం మొదలుపెట్టారు. మొదటి ఆకులో వాగు గొప్పతనం. రెండో ఆకులో అదే. మూడో ఆకులోనూ అదే. వెనక వెదుళ్లు పేలుతున్నాయి.

"అసలు సంగతి చదవండి మాస్టారూ," అంది గౌరమ్మ.

ఆయన ఆకులు తిప్పి తిప్పి చివరిది చదివారు. వినగానే గౌరమ్మ మందను కదిలించింది.

ఆ గుంపులోనే ఉన్న మాణిక్యం ఇదంతా చూసింది. నోరు విప్పితే పట్టా పోతుంది, అందరి ముందూ పరువు పోతుంది. విప్పకపోతే? గౌరమ్మ పిల్ల అప్పుడే ఇసుకలోకి దిగుతోంది.

"ఆగండి పెద్దమ్మా. అవతలికి నేను వెళ్లలేదు. ఆకు నింపడానికి అలా రాశాను."

తిట్టే తీరిక ఎవరికీ లేదు. మాణిక్యం తానే ముందు పరుగెత్తింది. నీళ్లు దాటి అవతలి ఇసుక మీద కాలు వేయగానే కడుపు దాకా దిగిపోయింది. ఊబి! చిన్న ప్రాణి కాబట్టి గింజుకుని బయటపడింది. దుప్పి అయితే అక్కడే మునిగిపోయేది. ఇంకోచోట అడుగు వేసింది. అక్కడా ఊబే. మూడో చోట ఇసుక కింద బండ తగిలింది. ఒడ్డు దాకా నడిచి చూసి, గొంతు చించుకుని పిలిచింది. అందరూ ఆ బండ మీదుగా ఒకరి వెనక ఒకరు దాటారు. చివరి దుప్పి ఒడ్డెక్కేసరికి, వాళ్లు వదిలి వచ్చిన ఒడ్డున గడ్డి అంటుకుంది.

ఊపిరి తీసుకున్నాక మాణిక్యం మాస్టారి ముందు నిలబడింది. పట్టా ఇవ్వనని ఆయన చెప్పేశారు. చదవకుండా లెక్కపెట్టడం తన తప్పని కూడా ఒప్పుకున్నారు. వాగు గురించి మళ్లీ రాయమన్నారు.

"ఎన్ని ఆకులు రాయమంటారు?" అని అడిగింది మాణిక్యం.

"ముందు రెండు ఒడ్డులూ నడిచి రా. ఎన్ని కావాలో నువ్వే చెబుదువుగాని," అన్నారు మాస్టారు.

నీతి: చూడనిది రాసి ఆకులు నింపితే మనకు మార్కులు రావచ్చు, కానీ మన మాట నమ్మి అడుగు వేసినవాళ్లు మునిగిపోతారు.