ఇంటిల్లిపాదీ పంచుకున్న జువాలజీ

పైడిరాజు ఇంట్లో నలుగురు. తమంత తెలివైనవాళ్ళు చుట్టుపక్కల లేరని నలుగురికీ గట్టి నమ్మకం. ఏ మంచి ఆలోచన వచ్చినా దిష్టి తగలకుండా అతని భార్య నూకాలు ముందు ఉప్పు తిప్పి పారేసేది. నెలకి బస్తా ఉప్పు అయ్యేది.

కూతురు హేమలత ఇంటర్ రెండో ఏడు, బైపీసీ. జువాలజీ గట్టెక్కితేనే పశువుల డాక్టరు చదువు. పిల్లకి దానిమీదే ప్రాణం.

"ఎనిమిది యూనిట్లమ్మా. మొత్తం ఒక్కసారి మొయ్యలేవు, భాగాలు చేసుకుని చదువు" అంది లెక్చరరు సుగుణమ్మగారు.

ఇంకేముంది, పైడిరాజు కత్తిపీట వేసి పుస్తకాన్ని నాలుగు ముక్కలు చేశాడు. తలో రెండు యూనిట్లు. అన్నం అరగడం నాన్నకి, గుండె అమ్మకి, ఎముకలు తాత అప్పలస్వామికి, జన్యువులు హేమలతకి. ఎవరి వాటా వాళ్ళు శ్రద్ధగా చదివారు, అబద్ధమెందుకు!

"చదివింది చూడకుండా మూడుసార్లు అప్పజెప్పుకో" అంది సుగుణమ్మగారు మరోరోజు. అంతే, నలుగురూ కళ్ళకి తువ్వాళ్ళు కట్టుకున్నారు. నూకాలు పప్పులో మూడుసార్లు కారం వేసింది. పైడిరాజు జీర్ణాశయం అప్పజెబుతూ వెళ్ళి కుడితి గోలెంలో కూర్చున్నాడు.

"బొమ్మ గీసి భాగాలకి పేర్లు రాయి" అంది ఇంకోరోజు. తాత వీపుమీద బొగ్గుతో వెన్నుపూసలన్నీ గీసి పేర్లు రాశారు. చెరిగితే మార్కులు పోతాయని ముసలాయన పన్నెండు రోజులు స్నానం మానేశాడు. ఇంట్లో ముక్కు మూసుకోవలసి వచ్చింది గాని, సిలబస్ పూర్తయింది.

పరీక్షనాడు నలుగురూ బయల్దేరారు. "హాల్ టికెట్ ఉన్న పిల్లే లోపలికి" అన్నాడు వాచ్‌మన్. హేమలతకి ఏడుపొక్కటే తక్కువ.

"భయపడకే, మేం గేటుకాడే ఉంటాం గదేటి!" అంది నూకాలు.

మూడు గంటలయ్యాక పిల్ల నవ్వుకుంటూ వచ్చింది.

"ఎలా రాసావే?"

"ఒక్క ప్రశ్న వదల్లేదు నాన్నా! జన్యువులు నేనే రాసీసాను. గుండె ప్రశ్నకి, 'ఇది మా అమ్మకి వచ్చు, గేటుకాడ ఉంది, పిలిచి అడగండి' అని రాసాను. నీ వాటా, తాత వాటా కూడా అలాగే."

వాచ్‌మన్ తల పట్టుకున్నాడు. "పేపర్లు దిద్దేది ఇక్కడ కాదమ్మా, జిల్లా కేంద్రంలో! నెల్లాళ్ళు పడతాది."

"నెల్లాళ్ళా!" పైడిరాజు గాభరాపడ్డాడు. "ఆ దిద్దే ఆయన అడగడానికొచ్చే యేళకి మనం లేకపోతే పిల్ల ఫెయిలైపోదేటి?"

అంతే, గేటు పక్కనే చాపలు పరిచారు, పొయ్యి పెట్టారు. అంత దూరం నుంచి వచ్చే అయ్యగారు ఆకలితో ఉంటాడని నూకాలు ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం ఎక్కువ పోసింది.