భరిణె లోపలి వైపు

కొన్నవాళ్ళు రెండోసారి ఎందుకు రావడం లేదో నూకరత్నానికి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

తిట్టినవాళ్ళు లేరు. వస్తువు వెనక్కి పంపినవాళ్ళూ లేరు. ఫోటో పెట్టగానే ఎర్ర గుండె బొమ్మలు గుప్పించేవాళ్ళకి కొదవే లేదు. కొత్తవాళ్ళు వస్తారు, కొంటారు, "బాగుందండీ" అంటారు, ఆ తర్వాత అయిపూ అజా ఉండదు. మొదట్లో ఇలా కాదు. భరిణె కొన్న మనిషే చెల్లెలికొకటి, వదినకొకటి అంటూ మళ్ళీ మళ్ళీ వచ్చేది.

రత్నం చేసేది లక్క భరిణెలు. కుంకుమ పోసుకోవడానికి కొన్ని, విభూతి పోసుకోవడానికి కొన్ని. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ గుండ్రంగా చెక్కి, అది తిరుగుతుండగానే రంగు లక్క అద్ది, మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెప్పిస్తుంది. మేనమామ దగ్గర నేర్చుకున్న పని. ఆయన సంతలో అమ్మేవాడు, ఈమె ఫోన్‌లో అమ్ముతుంది. దుకాణం పేరు 'రత్నం చేతిపని'. అందులో యజమానీ తనే, పనిమనిషీ తనే. చెక్కేదీ, ఫోటో తీసేదీ, అట్టపెట్టెలో సర్ది పార్సిల్ కట్టేదీ తనే. "ధర ఎంత?" అని అడిగేవాళ్ళకి అన్నం తింటూ జవాబిచ్చేదీ తనే. ధర ఫోటో కిందే రాసి ఉంటుంది. అయినా అడుగుతారు. అది వేరే సంగతి.

ఇప్పుడొక టోకు వ్యాపారి తగులుకున్నాడు. ఫ్యాక్టరీలో చేసిన భరిణెలు పెట్టెలకి పెట్టెలు దింపుతాడట. ఆమె చెయ్యాల్సిందల్లా తన దుకాణం ముద్ర వేసి అమ్ముకోవడమే. "ఆ లేత్ ముందు కూర్చుని నడుం విరగ్గొట్టుకోవడం దేనికమ్మా?" అన్నాడు. సాయంత్రం ఫోన్ చేస్తాను, ఏ సంగతో చెప్పెయ్యమన్నాడు. సరే అంటే మేనమామ ఇచ్చిన లేత్ మీద గుడ్డ కప్పేయడమే. ఆ మాట తల్చుకుంటేనే రత్నానికి ఏడుపొచ్చింది.

అందుకే పొద్దున్నే కూర్మానంద స్వామి దగ్గరికి బయల్దేరింది.

జీడితోటలు దాటి కొండ వాలులోకి వెళితే ఆయన పెంకుటిల్లు కనిపిస్తుంది. దాన్ని ఆశ్రమం అనాలంటే ఆయనకే నవ్వొస్తుంది. ఉపదేశాలివ్వడంలో స్వామి మహా పిసినారి. జవాబు చెప్పమంటే ఎదురు ప్రశ్న వేసి, దాని జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తూ కూర్చుంటారు. రత్నం ఆయన దగ్గర మంత్రం తీసుకున్న రోజున, తను చేసిన మొట్టమొదటి భరిణెనే గురుదక్షిణగా ఇచ్చుకుంది. ఆయన విభూతి పెట్టుకునేది ఇప్పటికీ అందులోంచే.

ఆమె వెళ్ళేసరికి స్వామి అరుగు మీద కూర్చుని చింతపండులోంచి పిక్కలు తీస్తున్నారు.

"ఏటమ్మా, ముఖం అలా వాడిపోయింది?"

రత్నం ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసింది. ఆయన కథ వింటున్నట్టు విన్నారు.

"ఊరూ పేరూ తెలీనివాళ్ళు ఫోన్‌లో చూసి కొనేస్తారేటి?"

"కొంటారు స్వామీ."

"ముట్టుకోకుండానే?"

"ఫోటోని ఏం ముట్టుకుంటారు స్వామీ?"

"ఏదీ, నన్నూ ఓసారి చూడనీ."

ఆమె ఫోన్ అందించింది. ఇత్తడి పళ్ళెంలో నెమలిపింఛం రంగు భరిణె. నడుమున పసుపు చారలు, చుట్టూ మల్లెమొగ్గలు, పక్కనుంచి పడుతున్న ఎండ. ఆ ఎండ కోసం రత్నం ఒక పూటంతా కాచుకు కూర్చుంది. స్వామి చాలాసేపు చూశారు. తర్వాత ఫోన్ తిరగేసి, వెనక వైపు కూడా అంతే శ్రద్ధగా చూశారు.

రత్నానికి నవ్వాగలేదు. "అది ఫోన్ వెనకాల స్వామీ!"

"అలాగా?" అన్నారాయన ఏమాత్రం నవ్వకుండా. "మరి మూత తీస్తే ఎలా ఉంటుందో?"

"మూత తీసి పెడితే ఫోటోకి అందం రాదు స్వామీ. ఎవరూ చూడరు."

ఆయన ఫోన్ ఇచ్చేసి మళ్ళీ చింతపండు అందుకున్నారు. రత్నం ఇన్నాళ్ళూ మనసులో దాచుకున్న అనుమానం బయటపెట్టేసింది.

"ఇలా ఎందుకవుతోందో నాకు తెలుసు స్వామీ. నా రంగులూ నా చారలూ చూసి ఎవరో కాపీ కొట్టి అమ్ముతున్నారు. అవి కొన్నవాళ్ళు నావే అనుకుంటున్నారు. నా పేరు పాడైపోతోంది. జనానికి తేడా తెలీదు కదా!"

"నీకు తెలుస్తుందా?"

ఈ ప్రశ్నకి రత్నానికి చిర్రెత్తుకొచ్చింది. గురువుగారు కాబట్టి గొంతు పెంచలేదు గానీ, వేరేవాళ్ళయితే పెంచేదే.

"నా చేతిపని నాకు తెలీదేటి స్వామీ! కళ్ళు మూసుకుని చెప్పమన్నా చెప్తాను."

స్వామి చేతిలో చింతపిక్క ఆగిపోయింది. ఆ ముసలి కళ్ళల్లో కుతూహలం మెరిసింది.

"నిజంగానా? కళ్ళు మూసుకునే?"

"మీ మీద ఒట్టు."

"అయితే మూసుకో తల్లీ. నాకూ చూడాలనుంది."

రత్నం అరుగు మీద సర్దుకు కూర్చుని కళ్ళు మూసుకుంది. ఆయన లోపలికి వెళ్ళిన అడుగుల చప్పుడు వినిపించింది. ఏదో మూత తీశారు. ఏదో ఆకులోకి ఒంపారు. గుడ్డతో తుడుస్తున్నట్టు చిన్న రాపిడి. స్వామి ఏంచేస్తున్నారో చూడాలని ఎంత అనిపించినా, ఒట్టు గుర్తొచ్చి రెప్పలు బిగించుకుంది.

దోసిట్లో ఒక భరిణె పడింది.

పైభాగం నున్నగా ఉంది. రత్నం వేళ్ళు దాని మీద ఆగలేదు, నేరుగా అడుగుకి వెళ్ళాయి. మేనమామ అలాగే అలవాటు చేశాడు, చూసేది అడుగునుంచి చూడమని. అడుగు గరగరలాడింది. మూత ఒంటి చేత్తో తియ్యబోతే రాలేదు. రెండో చెయ్యి వేసి లాగితే ఊడొచ్చింది. లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పింది. పచ్చి కర్ర. పీచు చురుక్కుమని తగిలింది.

"ఇది నాది కాదు," అంది వెంటనే.

"గట్టిగా చెప్పగలవా?"

"గట్టిగానే చెప్తున్నాను. ఇది ఆ కాపీ కొట్టేవాళ్ళదే. చూడండి స్వామీ, ఎంత అన్యాయమో! అడుక్కి ఉప్పుకాయితం అయినా తగలనివ్వలేదు. మూత ఇంత బిగువుంటే స్నానం చేసొచ్చిన తడిచేత్తో ఎవరు తియ్యగలరు? లోపల లక్క పిసరంత లేదు. పైపైన మెరిపించి జనం మీదకి వదిలేశారు. వాడుకునే మనిషి రోజూ వేలు పెట్టేది లోపలే కదా!"

"అవునవును," అన్నారు స్వామి. "మరి ఇదో?"

రెండో భరిణె చేతిలో పడింది. బొటనవేలు తగలగానే మూత మెత్తగా పైకి లేచింది. లోపలి గోడ గవ్వలా నున్నగా ఉంది. అడుగున ఒక పక్క రవ్వంత వంకర, మొదటిసారి ఉలి జారిన చోటు. ఆ వంకర మీద రత్నం వేలు ఆగిపోయింది.

"ఇది నాది," అంది. గొంతు తనకి తెలీకుండానే మెత్తబడింది. "మీకిచ్చిందే. నా మొదటి భరిణె."

"కళ్ళు తెరువు."

కుడిచేతిలో రంగు వెలిసిన పాత భరిణె ఉంది. మూత అంచున విభూతి మరక ఇంకా పోలేదు.

ఎడమచేతిలో నెమలిపింఛం రంగు భరిణె. నడుమున పసుపు చారలు. ఇందాక ఫోన్‌లో చూపించినదానికి తోబుట్టువు.

రత్నం దాన్ని మెల్లగా తిరగేసింది. గరుకు అడుగున నల్లసిరాతో ముద్ర స్పష్టంగా పడి ఉంది. 'రత్నం చేతిపని'. అలాంటి ముద్ర ఇంకెవరూ వెయ్యలేకుండా తనే గీసి చేయించుకుంది. వంకీలు కూడా తనవే.

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కిపోయాయి. జీడితోటలో ఎవరో ఎవర్నో కేక వేస్తున్నారు.

"ఇది... మీ దగ్గరికి ఎలా వచ్చింది స్వామీ?"

"మొన్న ఒకావిడ వచ్చింది. 'చూడ్డానికి చాలా బాగుంది, మీ దగ్గరుంచండి' అని ఇచ్చి వెళ్ళింది."

"ఇంకేమీ అనలేదా?"

"ఏమీ అనలేదు. మంచి మనిషి." స్వామి గుర్తు తెచ్చుకున్నారు. "వేలికి గుడ్డపీలిక కట్టుకుని ఉంది."

ఆయన పాత భరిణె తీసుకుని, ఆకులో ఉన్న విభూతి పొల్లుపోకుండా అందులోకి ఒంపుకున్నారు. మూత పెడితే చిన్న చప్పుడైంది, అంతే. వ్యాపారి గురించి అడగాలని వచ్చిన సంగతి రత్నానికి గుర్తే లేదు. నమస్కారం పెట్టి లేచింది. నెమలిపింఛం భరిణెని అరుగు మీదే వదిలేసి వెళ్ళిపోవాలని చూసింది.

స్వామి దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టారు.

"తీసుకెళ్ళమ్మా. దీనికింకా పని మిగిలుంది."

సాయంత్రం రత్నం లేత్ ముందు కూర్చుంది. భరిణెని, నోరు తన వైపు వచ్చేలా బిగించింది. ఉప్పుకాయితం తీసింది, లక్క కణికె తీసింది. మీట నొక్కబోతుండగా పక్కన ఫోన్ మోగింది. వ్యాపారి పేరు వెలుగుతోంది.

ఆమె ఒక్క క్షణం చూసింది. ఫోన్ అందుకుని, తిరగేసి, బోర్లా పెట్టింది.

లేత్ తిరగడం మొదలైంది. రత్నం కళ్ళు మూసుకుని, ఉప్పుకాయితం చుట్టిన వేలు భరిణె లోపలికి పోనిచ్చింది.