నిండు బండికి దారి

ఆ సంస్థానం పేరు నాకు సరిగా గుర్తులేదు, కథ మాత్రం మిగిలింది. భార్య గౌరమ్మను సైకిలు వెనుక కూర్చోబెట్టుకుని, మధ్యలో దిగకుండా ఒక్కసారైనా సముద్రం దాకా తొక్కాలని మేదరి సింహాచలానికి ఏళ్లనాటి కోరిక. దొర ఒక్కడే షికారుకు నడిపే పెద్ద లారీ ఆ ఇరుకు దారిలో ఎదురైనప్పుడల్లా ఇద్దరూ ముళ్లపొదల్లోకి దిగవలసి వచ్చేది.

ఒక సాయంత్రం అతడు దిగలేదు. లారీ ఆగింది.

"తప్పుకోవేంరా?" అన్నాడు దొర.

"నిండు బండికి ఖాళీ బండి దారివ్వాలన్నది మీ తాతగారి కట్టడే కదా బాబూ. మాది నిండింది."

"నేనుండగా ఇది ఖాళీయా?"

"ఒక్కరుంటే నిండినట్టేనంటే, రేపు తోలేవాడు తప్ప ఏమీ లేని బండి కూడా మీ ధాన్యం బండ్లను పొలాల్లోకి దింపుతుంది బాబూ."

దొర లారీని పక్కకు తీశాడు. గౌరమ్మ భర్త నడుం పట్టుకుంది. ఉప్పుగాలి ఎదురొచ్చింది.

వాళ్లు తిరిగివచ్చేటప్పుడు ఏం జరిగిందో కూడా విన్నాను. అది కావాలనే వదిలేశాను.