ఆకు కింద దాచిన మగమొగ్గ

అనగా అనగా, వినేవాళ్లు వినగా వినగా, కుంజరవర్మ అనే రాజు. ఆయన దగ్గితే చాలు, కోటలో పిల్లులు కూడా నక్కేవి.

ఒకనాడు ఆ రాజు తన గుమ్మడితోటకు వచ్చాడు. రాజ్యమంతటికీ విత్తనం ఆ తోటదే. కొన్ని పూల అడుగున పిందె ఉంది. కొన్నిటికి ఉత్త కాడే ఉంది.

"పిందె లేనివి సోమరిపూలు! మొగ్గలతో సహా తెంచండి!"

తెంచారు. శనగపిండిలో ముంచి బజ్జీలు వేశారు. రాజు లొట్టలేసుకుంటూ తిన్నాడు.

మరి ఏమైంది? పిందెలు పసుపెక్కి, ముడుచుకొని, టపటపా రాలాయి.

రాజు మొదటి తోటమాలిని పిలిచాడు. "దిష్టి ప్రభూ!" అన్నాడు వాడు వణుకుతూ.

"ఊరి దిష్టి తీసే కాయకే దిష్టా? చీకటికొట్లో వేయండి!"

రెండోవాడు "చీమలు ప్రభూ!" అన్నాడు. వెతికితే ఒక్క చీమ లేదు. వాడూ చీకటికొట్టుకే.

మూడోసారి తోటమాలి నూకాలు వంతు వచ్చింది. అప్పటికి తోటలో అడుగున పిందె ఉన్న ఆడమొగ్గ ఒకే ఒక్కటి మిగిలింది. దాని చుట్టూ బల్లేల కాపలా.

"ఇదీ రాలితే నీ తల రాలుతుంది. కారణం చెప్పు!"

నూకాలుకు చచ్చేంత భయం వేసింది. అయినా అంది: "కారణం ఏలినవారే."

రాజు చేయి కత్తి పిడి మీదికి వెళ్లింది.

"మీరు తిన్నవి మగపూలు మారాజా. వాటి పుప్పొడిని తేనెటీగ మోసుకొచ్చి ఆడపువ్వుకు అంటించాలి. అది పిందెలోకి దిగి, లోపలి సన్నటి అండాలను కలిస్తేనే గింజలు. గింజ పట్టని పిందె నిలవదు. ఇంకోటి... మీ ఆజ్ఞ మీరాను. ఆకు కింద ఒక మగమొగ్గ దాచాను. రెండూ రేపే విచ్చుకుంటాయి."

రాజు సర్రున కత్తి దూశాడు. "మూడు రోజులు! అందాకా ఇది ఒరలోకి పోదు."

తెల్లవారగానే నూకాలు మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వుకు అద్దింది.

మొదటి రోజు పువ్వు వాడింది. "అయిపోయావే అమ్మా," అన్నాడు కాపలావాడు.

రెండో రోజు పిందె ఉన్నచోటే ఉంది. నూకాలు మెడ తడుముకుంది.

మూడో రోజు చూస్తే, ఉసిరికాయంత పిందె నిగనిగలాడుతూ నిమ్మకాయంత అయింది!

కత్తి ఒరలోకి పోయింది. కాయ పండాక కోస్తే లోపలంతా గింజలే. చీకటికొట్టు తలుపులూ తెరుచుకున్నాయి.

"మరి బజ్జీలు?" అన్నాడు రాజు మెల్లగా.

"తేనెటీగలకు కొన్ని వదిలి తినండి మారాజా!"

పిల్లలూ, భయపడటం తప్పు కాదు. భయానికి నిజాన్ని అప్పగించడమే తప్పు.