ఓబులమ్మ ఉడకబెట్టిన దానిమ్మ తొక్కలు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, దానిమ్మ తోటలకు ఇంకా కంచెలు లేని కాలం. కెంపులదిన్నె రాజ్యాన్ని మల్లభూపాలుడనే రాజు ఏలేవాడు. ఆయనకు దానిమ్మ గింజలంటే ప్రాణం. రాజుకు ఇష్టమైతే కొలువుకూ ఇష్టమే కదా! కోటలో అందరూ గింజలు తిని, తొక్కలు గోడ బయట పారేసేవారు. గోడ బయట ఉన్నది అద్దకం వాళ్ల వీధి.

తొక్కలు గుట్టగా పెరిగాయి. ఈగలు ముసిరాయి. రాజు ముక్కు మూసుకుని, "ఆ వీధి ఖాళీ చేయించి, గుట్టను అక్కడే పూడ్చండి" అన్నాడు. తిన్నది కోటవాళ్లయితే ఇల్లు వదలాల్సింది పేదవాళ్లా అని మీరడగవచ్చు. అప్పుడు మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ వీధిలో అద్దకం వేసే ఓబులమ్మ అనే ముసలమ్మ కొలువుకు వచ్చింది. చేతిలో పసుపు గుడ్డ ఒకటి ఉంది.

"దొరా, ఆ తొక్కలు మాకియ్యండి. ఉడకబెట్టి, ఆ నీళ్లలో పటిక కలిపితే గుడ్డకు ఈ రంగు ఎక్కుతుంది. గుట్టా తరుగుతుంది, మా వీధీ నిలుస్తుంది."

రాజుకు గుడ్డ నచ్చింది. "అవ్వా, అయితే మా అమ్మాయి పెళ్లిచీర నువ్వే అద్దు. మట్టికుండలెందుకు, మా వంటశాలలో పెద్ద ఇనుప బాణలి ఉంది, వాడుకో" అన్నాడు ఆదరంగా.

ఓబులమ్మ వీధిలో ఇనుప పాత్ర కొనే స్తోమత ఎవరికీ లేదు. ఆమె కోట వంటశాలలోనే ఎప్పటిలాగే తొక్కలు ఉడకబెట్టింది, వడకట్టింది, పటిక వేసింది, చీర ముంచింది. పైకి తీస్తే చీర నల్లగా ఉంది.

పెళ్లిచీర నల్లబడితే ఇంకేముంది, కొలువంతా గగ్గోలు. "గ్రహాలు కలత చెందాయి" అన్నాడు రాజగురువు. "ఉత్తరపు కొమ్మన కాసిన కాయలు, అందుకే చీర నల్లబడింది" అన్నాడు వైద్యుడు. "ముసలిది చేతబడి చేసింది" అన్నాడు కోశాధికారి. ముగ్గురూ తడుముకోకుండా చెప్పారు. ఎవరిని నమ్మాలో రాజుకు పాలుపోలేదు. కథ చెబుతున్న నాకూ పాలుపోలేదు.

"నువ్వేమంటావు?" అని రాజు ఓబులమ్మను అడిగాడు.

"నాకూ తెలీదు దొరా. నలభై ఏళ్లుగా చేస్తున్న పనే, ఎన్నడూ ఇట్లా కాలేదు. నా బుర్రా తిరిగిపోతోంది. తెలీనిదాన్ని తెలుసని ఎట్లా చెప్పేది? మూడు రోజులియ్యండి, వెతుకుతాను."

"సరే. దొరక్కపోతే నాలుగో రోజున మీ వీధి ఉండదు."

ఓబులమ్మ ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది. ఇక్కడా తొక్కలే, అక్కడా తొక్కలే. మరి ఏం మారింది? నీళ్లు కోట బావివి. తొక్కలు అప్పుడే ఒలిచిన పచ్చివి. పాత్ర కోటది. మూడూ ఒక్కసారే మారాయి, అందుకే ఈ తికమక. ఒక్కోటే మార్చి చూద్దామనుకుంది.

మొదటి రోజు తన కుండలో, తన ఎండు తొక్కలే వేసి, కోట బావి నీళ్లు పోసింది. గుడ్డ పసుపే.

రెండో రోజు తన కుండలో, తన బావి నీళ్లు పోసి, కోట పచ్చి తొక్కలు వేసింది. గుడ్డ మళ్లీ పసుపే.

మూడో రోజు తన తొక్కలూ తన నీళ్లూ కొలువుకే తెచ్చి, ఇనుప బాణలిలో ఉడకబెట్టింది. గుడ్డ నల్లబడింది.

"ఇనుము సోకితే ఈ నీళ్లు నల్లబడతాయి దొరా" అంది ఓబులమ్మ.

"అంటే తప్పు మా బాణలిదా?" రాజు అయోమయంగా అడిగాడు.

"తప్పెందుకు దొరా? ఎంత ఉతికినా చీర మీద ఈ నలుపు పోలేదు. దీంతో రాయించి చూడండి."

లేఖకుడు కలం ముంచి కాగితం మీద ఒక గీత గీశాడు. ఆరాక తడి చేత్తో రుద్దాడు. చెరగలేదు.

రాజు సిగ్గుపడ్డాడు. ఆ సిరాతోనే మొదటి శాసనం రాయించాడు. ఆ వీధి అద్దకం వాళ్లదేననీ, ఎవరూ ఖాళీ చేయించరాదనీ అందులో ఉంది. కింద తానే సంతకం పెట్టాడు. రాజకుమార్తెకు కొత్త పెళ్లిచీర ఓబులమ్మ మట్టికుండలో పసుపుగా తేలింది. ఆ పూట గురువూ, వైద్యుడూ, కోశాధికారీ తలలు వంచుకుని భోంచేశారు.

తెలియనిది తెలియదని ఒప్పుకుని ఓపికగా వెతికేవారికే నిజం దొరుకుతుంది.